గెత్సేమనేలో ఆగిపోయిన కాపరి: ‘ఫస్ట్ రిఫార్మ్‌డ్’ చలనచిత్రముపై ఒక వేదాంత విమర్శ

ఉపోద్ఘాతము

సంఘ కాపరి కథానాయకుడుగా వచ్చిన చలనచిత్రములు అనేకము. వాటిలో ఎక్కువ భాగము కాపరిని పరిశుద్ధునిగానో వేషధారిగానో చూపి తృప్తిపడతాయి. ఆ రెండు మార్గములనూ విడిచి, కాపరిని ఒక మనుష్యునిగా, అదీ తన పిలుపును మోయలేక మోస్తున్న మనుష్యునిగా చూపిన చిత్రములు బహు కొద్ది. పాల్ ష్రేడర్ రచించి దర్శకత్వము వహించిన ‘ఫస్ట్ రిఫార్మ్‌డ్’ ఆ కొద్దివాటిలో ఒకటి. 2017లో వెనిస్ చలనచిత్రోత్సవములో మొదట ప్రదర్శింపబడి, 2018లో అమెరికాలో విడుదలైన ఈ చిత్రము ఉత్తమ మౌలిక కథారచన విభాగములో ఆస్కార్ బహుమతికి ప్రతిపాదింపబడినది.

ఈ వ్యాసము చిత్రకళ తెలిసినవారి కొరకు వ్రాసినది కాదు. కాపరులకును, రేపు కాపరులు కాబోవు వేదాంత విద్యార్థులకును ఇందులో ఏమున్నది అన్నదే మన ప్రశ్న. ఈ చిత్రము యొక్క గొప్ప బలము ఏమనగా, కాపరి నిరాశను అది ఒక ఆత్మీయ వ్యాధిగా గంభీరముగా తీసుకొని, దానికి శరీరమున్నదనీ చరిత్ర ఉన్నదనీ గుర్తించినది. దాని గొప్ప బలహీనత ఏమనగా, ఆ వ్యాధిని స్వస్థపరచగల సంఘమును అది ఊహించలేకపోయినది. ఈ రెండు సంగతులను క్రమముగా పరిశీలిద్దాము.

దర్శకుడు, ఆయన నేపథ్యము

ష్రేడర్ 1946లో మిషిగన్ రాష్ట్రములోని గ్రాండ్ రాపిడ్స్‌లో, క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ సంఘమునకు చెందిన కుటుంబములో జన్మించాడు. సినిమాలు చూడనివ్వని కఠినమైన కాల్విను సంప్రదాయములో పెరిగి, కాల్విన్ కళాశాలలో చదివాడు. 1972లో ఓజు, బ్రెస్సాన్, డ్రయర్ అను ముగ్గురు దర్శకుల చిత్రములలో పరమార్థము ఏ శైలిలో వ్యక్తమవుతుందో వివరిస్తూ ఒక గ్రంథము వ్రాశాడు. 1976లో వచ్చిన ‘టాక్సీ డ్రైవర్’ చిత్రమునకు కథ వ్రాసినదీ ఈయనే. ఒంటరి గదిలో కూర్చుండి దినచర్య వ్రాసుకొనుచు మెల్లగా హింసవైపు జారిపోవు మనుష్యుడు నాటినుండి ఆయన కథలలో మరల మరల కనబడతాడు.

ఈ చిత్రము వెనుక రెండు పాత చిత్రములు స్పష్టముగా కనబడతాయి. బ్రెస్సాన్ 1951లో తీసిన ‘ఒక గ్రామ గురువు దినచర్య’ నుండి దినచర్యయు కడుపు జబ్బుయు వచ్చాయి. బెర్గ్‌మన్ 1963లో తీసిన ‘వింటర్ లైట్’ నుండి, లోకము ఏమైపోవునో అన్న భయముతో వచ్చిన ఒక విశ్వాసిని ఆదరించలేకపోయిన కాపరి వచ్చాడు. బెర్గ్‌మన్ చిత్రములో ఆ విశ్వాసి భయము అణుబాంబును గూర్చినది. ష్రేడర్ చిత్రములో అది భూమి వేడెక్కుటను గూర్చినది. అరువు తెచ్చుకొన్నది ఇంత ఉన్నప్పటికీ టోలరు పాత్ర అనుకరణగా తోచదు. కారణము, ఆయన గాయములు ఆయన స్వంతవి.

కథా సంగ్రహము

న్యూయార్క్ రాష్ట్రములోని స్నోబ్రిడ్జ్ అను చిన్న ఊరిలో, డచ్చి వలసదారులు కట్టిన ఒక పురాతన ఆలయము ఉన్నది. దానికి 250 సంవత్సరములు నిండబోతున్నాయి. ఆరాధనకు వచ్చువారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. చూడవచ్చిన యాత్రికులకు జ్ఞాపికలు అమ్ముకొనుట, బానిసత్వము నుండి పారిపోవువారిని దాచిన స్థలమును చూపించుట, ఇదే అక్కడి ముఖ్యమైన పనిగా మారినది. ఆలయమును పోషించునది అబండంట్ లైఫ్ అను పెద్ద సంఘము. ఆ సంఘమునకు పెద్ద దాత బాల్క్ అను పారిశ్రామికవేత్త.

కాపరి ఎర్న్‌స్ట్ టోలరు (ఈథన్ హాక్) పూర్వము సైన్యములో చాప్లెయిన్. కుటుంబ ఆచారము ప్రకారము కుమారుని సైన్యములో చేరమని ప్రోత్సహించాడు. ఆ కుమారుడు ఇరాకులో చనిపోయాడు. భార్య విడిచి వెళ్లిపోయినది. ఇప్పుడు ఆయన ఒక సంవత్సరముపాటు చేతితో దినచర్య వ్రాసి, తరువాత దానిని నాశనము చేయవలెనని నిర్ణయించుకొన్నాడు. రాత్రులు త్రాగుతాడు. మూత్రములో రక్తము పడుతున్నది. వైద్యుని యొద్దకు వెళ్లుటను వాయిదా వేస్తూ ఉంటాడు.

ఒక ఆదివారము మేరీ (అమండా సైఫ్రెడ్) అను గర్భవతి ఆయన యొద్దకు వచ్చి, తన భర్త మైకేలుతో మాట్లాడమని వేడుకొంటుంది. మైకేలు పర్యావరణ పోరాటములో జైలుకు వెళ్లి వచ్చినవాడు. నశించిపోతున్న ఈ లోకములోనికి బిడ్డను తీసుకొనిరాకూడదన్నది అతని వాదము. టోలరు మాట్లాడుతాడు. కొన్ని దినములకు మేరీ, తన భర్త గ్యారేజీలో దాచిన పేలుడు పదార్థముల చొక్కాను కనుగొంటుంది. టోలరు దానిని తన ఇంటికి తీసుకొనిపోతాడు. తరువాత మైకేలు పార్కులో కలిసికొనమని పిలిచి, కాపరి వచ్చుసరికే తన ప్రాణము తాను తీసుకొంటాడు. అక్కడినుండి మైకేలు ప్రశ్న టోలరు ప్రశ్నగా మారుతుంది. చివరకు 250వ వార్షిక ప్రతిష్ఠ ఆరాధన దినమున ఆ చొక్కాను తానే తొడుగుకొంటాడు.

చిత్రము యొక్క బలములు

1. పరామర్శ దృశ్యము

ఈ చిత్రమును కాపరులు ఒకే ఒక దృశ్యము కొరకు చూడవలసివస్తే, అది మైకేలు ఇంటిలో జరిగిన సంభాషణ. దర్శకుడు తొందరపడలేదు. ఇద్దరు మనుష్యులు కూర్చుండి మాట్లాడుకొనుచుండగా కెమెరా వారిని ఓపికగా చూస్తుంది. మైకేలు లెక్కలు చెబుతాడు, సంవత్సరములు చెబుతాడు, ప్రాణములు అర్పించిన హతసాక్షులను గూర్చి అడుగుతాడు. చివరకు, మనము ఈ లోకమునకు చేసినదానిని దేవుడు క్షమించగలడా అని ప్రశ్నిస్తాడు. టోలరు తన కుమారుని మరణమును చెబుతాడు. నిరాశకు ధైర్యమే మందు అంటాడు. నిరీక్షణను, నిరాశను రెండింటినీ ఒకేసారి హృదయములో మోయుటయే జీవితము అంటాడు. దేవుని మనస్సు ఎవరికి తెలియును అంటాడు.

ఇవేవీ చెడ్డ మాటలు కావు. మనలో అనేకులము ఇంతకంటె బలహీనమైన జవాబులే చెప్పియుంటాము. అయితే ఆ రాత్రి ఆయన దినచర్యలో వ్రాసుకొన్న సంగతి మనలను ఉలిక్కిపడజేస్తుంది. ఆ సంభాషణ తనకు ఉత్సాహము కలిగించినదనీ, యాకోబు రాత్రంతా దూతతో పెనుగులాడినట్లున్నదనీ వ్రాస్తాడు. ఆదికాండము 32వ అధ్యాయములో పెనుగులాడినవాడు కుంటుచు వెళ్లాడు. ఇక్కడ కుంటుచున్నవాడు మైకేలు, ఉత్సాహము పొందినవాడు కాపరి. టోలరు ఒక మంచి వాదమును చూచాడు గాని, మంచము మీదనుండి లేవలేకపోతున్న మనుష్యుని చూడలేదు. నీవు నిద్రపోతున్నావా? చనిపోవలెనన్న తలంపు వస్తున్నదా? నీ చేతికి అందుబాటులో ఏమున్నది? ఈ రాత్రి నీతో ఎవరుంటారు? ఈ ప్రశ్నలలో ఒక్కటియు ఆయన అడుగలేదు. చొక్కా దొరికిన తరువాత కూడా దానిని తీసికొనిపోవుటతో ప్రమాదము తీరినదనుకొన్నాడు. ఆయుధమును తొలగించాడు గాని మనుష్యుని ఒంటరిగా విడిచిపెట్టాడు.

చిత్రము దీనిని వేలెత్తి చూపదు, ప్రసంగము చేయదు. ఒక మంచి కాపరి మంచి మాటలు చెప్పుచునే ఎట్లు విఫలుడగునో చూపి ఊరకుంటుంది. కౌన్సెలింగ్ పాఠ్యపుస్తకము చేయలేని పని ఇది.

2. నిరాశ యొక్క స్వరూపము

కీర్కెగార్డ్ 1849లో ప్రకటించిన ‘మరణకరమైన వ్యాధి’ అను గ్రంథములో నిరాశ రెండు రూపములలో ఉండునని చూపాడు. ఒకటి బలహీనతవలన కలుగు నిరాశ. అందులో మనుష్యుడు తానై ఉండుటకు ఇష్టపడడు. రెండవది తిరుగుబాటువలన కలుగు నిరాశ. అందులో మనుష్యుడు దేవుని సహాయమును త్రోసివేసి, తన గాయమునే తన గుర్తింపుగా చేసికొని, తానై ఉండుటకు పంతము పట్టుతాడు. టోలరు పాత్ర మొదటిదానినుండి రెండవదానికి ప్రయాణము చేస్తుంది. ఆరంభములో ఆయన తన్నుతాను చెరిపివేసికొనగోరు మనుష్యుడు, అందుకే దినచర్యను కూడా నాశనము చేయదలచాడు. చివరిలో లోకమునకు న్యాయాధిపతియు తానే, బలియు తానే కాగోరు మనుష్యుడు.

ఈ ప్రయాణమును దర్శకుడు మాటలతో కంటె వస్తువులతో చూపాడు. సామాను లేని ఇల్లు, మద్యములో కలుపుకొన్న కడుపు మందు, పనిచేయని ఆర్గన్. దాదాపు కదలని కెమెరా, పాత చిత్రములవలె ఇరుకైన చతురస్రపు చట్రము టోలరును నాలుగు గోడల మధ్య నిలబెట్టినట్లు చేస్తాయి. ఈథన్ హాక్ నటనలో కేకలు లేవు. ఆరాధనలో ప్రశాంతముగా నిలుచున్న ముఖమే రాత్రి గదిలో రాయివలె మారుతుంది. ఆదివారపు ముఖమునకు, సోమవారపు ముఖమునకు మధ్యనున్న దూరము మనకు తెలియనిది కాదు.

3. ఎదుటివానికి న్యాయము

పెద్ద సంఘపు కాపరి జెఫర్స్ (సెడ్రిక్ కైల్స్) పాత్రను అపహాస్యము చేయుట బహు సులభము. ష్రేడర్ ఆ పని చేయలేదు. జెఫర్స్ దాతకు లోబడినవాడే. దేవుడు ఒకసారి నలుబది దినముల వర్షముతో లోకమును నాశనము చేశాడు గదా, ఇదియు ఆయన సంకల్పమేమో అని సృష్టి నాశనమును సమర్థించబోయినవాడే. అయినప్పటికీ టోలరును గూర్చి చిత్రములో వినబడిన అత్యంత సత్యమైన మాటను పలికినది కూడా అతడే. నీవు ఎల్లప్పుడు తోటలోనే ఉంటావు, యేసు సహా ఎల్లప్పుడు గెత్సేమనేలోనే లేడు అని అతడు టోలరును మందలిస్తాడు. ప్రభువు కొండమీదను ఉన్నాడు, దేవాలయములోను ఉన్నాడు, సంతవీధిలోను ఉన్నాడు. సరియైన మాట తప్పు స్థానములో నిలుచున్నవాని నోట రాగలదు. టోలరు ఆ మాటను వినలేకపోయినది దానిలో సత్యము లేక కాదు, పలికినవాని చేతిలో బాల్కు ధనము ఉన్నందున.

అట్లే యౌవనస్థుల కూడికలో, భక్తిగల తన తండ్రికి పని లేకపోవుటను గూర్చి ఒక అమ్మాయి అడిగినప్పుడు, విశ్వాసమునకు ఐశ్వర్యమునకు ముడిపెట్టకూడదని టోలరు చెబుతాడు. వెంటనే ఒక అబ్బాయి ఆయనమీద మండిపడతాడు. ఆశీర్వాదము పేరిట లాభమును ప్రకటించు బోధ ఎంత త్వరగా కోపముగా మారునో ఈ చిన్న దృశ్యము చూపినది.

4. సృష్టిని పాపపు ప్రశ్నగా చూచుట

పర్యావరణమును గూర్చిన చిత్రములు అనేకము ఉన్నాయి. దానిని పాపము, పశ్చాత్తాపము, క్షమాపణ అను మాటలతో అడిగినవి అరుదు. భూమిని నశింపజేయువారి మీద తీర్పును ప్రకటించు ప్రకటన 11:18ను టోలరు జ్ఞాపకము చేస్తాడు. ఆలయపు బోర్డు మీద సహా క్షమాపణ ప్రశ్నయే కనబడుతుంది. సృష్టి మూలుగుచున్నదని చెప్పు రోమా 8:19-22ను మనము సాధారణముగా భూస్థాపన ఆరాధనలకే పరిమితము చేస్తాము. 2020 మే 7న విశాఖపట్నములో స్టైరీన్ వాయువు లీకై ప్రాణములు పోయిన తరువాత, ఆ ప్రశ్న మనకు దూరదేశపు ప్రశ్న అని చెప్పలేము.

చిత్రము యొక్క బలహీనతలు

1. మేరీ, ఎస్తేరు

టోలరు పాత్రమీద పెట్టిన శ్రద్ధలో నాలుగవ వంతైనా దర్శకుడు స్త్రీ పాత్రలమీద పెట్టలేదు. మేరీ గర్భవతి, పేరు మేరీ. ఈ రెండు గుర్తులతోనే ఆమె సగము అర్థమైపోవలెనని చిత్రము ఆశిస్తుంది. భర్తను అటువంటి విధముగా పోగొట్టుకొన్న స్త్రీకి కలుగు కోపము, అవమానము, అపరాధభావము ఆమెలో దాదాపుగా కనబడవు. ఆమె దుఃఖము ఆమెది కాక, కాపరి రక్షణకు ఉపకరణమైనది.

పెద్ద సంఘములో గాయకబృందమును నడిపించు ఎస్తేరు పాత్ర ఇంకను నష్టపోయినది. ఆమె టోలరును ప్రేమించినది, ఆయన ఆరోగ్యము కొరకు తహతహలాడినది. ఆయన ఆమెను అసహ్యించుకొంటున్నానని ముఖము మీదనే అంటాడు. ఆ మాట టోలరు క్రూరత్వమునకు గుర్తు అన్నంతవరకు సరే. అయితే ఆ తరువాత ఎస్తేరుకు ఏమైనదో చిత్రము అడుగదు. కాపరి నిరాశలో ఉన్నప్పుడు ఆయన చుట్టునున్న స్త్రీలే ఎక్కువ దెబ్బతింటారన్న సత్యము చిత్రములో ఉన్నది గాని, చిత్రమునకు అది తెలిసినట్లు లేదు.

2. హింసవైపు మలుపు

నిరాశ తిరుగుబాటుగా మారుట సహజమని పైన చెప్పుకొన్నాము. అయితే ఆ మార్పు జరిగిన వేగము సందేహమునకు తావిస్తుంది. కుమారుని మరణము, మద్యము, కడుపులో కేన్సరు ఉండవచ్చునన్న అనుమానము, మైకేలు మృతి, బాల్కు అహంకారము, ఇన్ని కారణములు ఒకదానిపై ఒకటి పేర్చబడినవి. ఏ కారణము చేత ఆయన చొక్కా తొడిగాడో నిర్ణయించుట కష్టము. మనుష్యుని హృదయము అంత కలగలుపుగానే ఉంటుందని సమర్థించవచ్చును. కానీ నిరపరాధులతో నిండిన ఆలయమును పేల్చివేయుటకు ఒక కాపరి సిద్ధపడుట సామాన్యమైన అడుగు కాదు. ఆ ప్రజలలో తాను బాప్తిస్మమిచ్చిన బిడ్డలుండవచ్చును. ఆ తలంపు ఒక్క క్షణమైనను ఆయన దినచర్యలో వినబడియుంటే పాత్ర ఇంకను లోతుగా ఉండేది.

3. లేని సంఘము

ఇదియే అన్నిటికంటె ముఖ్యమైన లోపము. రిఫార్మ్‌డ్ సంప్రదాయములో కాపరి ఒంటరివాడు కాడు. పెద్దల సభ ఉంటుంది, పరస్పర క్రమశిక్షణ ఉంటుంది, కలిసి చేయు ప్రార్థన ఉంటుంది. ఆ సంప్రదాయములో పుట్టిన దర్శకుడు దానిని ఎరుగనివాడు కాడు. అయినను ఈ చిత్రములో సామాన్య విశ్వాసులకు ముఖము లేదు. ఆదివారము వచ్చి వెళ్లే ఆ కొద్దిమందిలో ఒక వృద్ధురాలైనను కాపరి ఇంటి తలుపు తట్టి, అన్నము తిన్నారా అయ్యగారూ అని అడుగదు.

1 రాజులు 19ను దీనిప్రక్కన పెట్టి చదువుదాము. బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్న ఏలీయాతో దేవుడు వాదించలేదు. మొదట నిద్ర ఇచ్చాడు, రొట్టె ఇచ్చాడు, నీళ్లు ఇచ్చాడు. రెండవమారు సహా ఇచ్చాడు. తరువాత ప్రశ్న అడిగాడు. ఆ తరువాత పని అప్పగించాడు, తోడుగా ఎలీషాను ఇచ్చాడు, నీవు ఒక్కడవే మిగిలియుండలేదు, ఇంకా ఏడువేలమంది ఉన్నారని చెప్పాడు. శరీరము, ప్రశ్న, పని, తోడు, సమాజము. ఇది దైవికమైన చికిత్స క్రమము. జెఫర్స్, ఎస్తేరు తమ తమ రీతిని ఇందులో కొంత అందించజూశారు, టోలరు త్రోసివేశాడు. ఆయన త్రోసివేయుట పాత్రకు తగినదే. అయితే ఆ ఏడువేలమంది ఎక్కడనో ఉన్నారన్న సూచనయైనా చిత్రము ఇవ్వలేదు. లోకములో రెండే సంఘములున్నట్లు, ఒకటి చచ్చిన మ్యూజియము, రెండవది అమ్ముడుపోయిన సభాభవనము అన్నట్లు చూపుట సత్యమునకు అన్యాయము.

చివరి దృశ్యము: కృపయా, భ్రమయా?

ఆ దినమున రావద్దని చెప్పిన మేరీ ఆరాధనకు వస్తుంది. ఆమెను చూచి టోలరు చొక్కాను విప్పివేస్తాడు. విప్పి, ముళ్ల తీగను తన దేహమునకు చుట్టుకొని, పైన తెల్లని అంగీ వేసికొంటాడు. మురుగు గొట్టములు శుభ్రపరచు ద్రవమును గ్లాసులో పోసికొంటాడు. ఆలయములో ఎస్తేరు ‘నిత్యమైన బాహువుల మీద ఆనుకొనుట’ను గూర్చిన 1887 నాటి కీర్తన పాడుచుండగా, మేరీ గదిలోనికి వస్తుంది. గ్లాసు జారిపోతుంది. ఇద్దరు కౌగిలించుకొంటారు. అంతవరకు దాదాపు కదలని కెమెరా వారి చుట్టు తిరుగుతుంది. పాట మధ్యలో తెగిపోయి తెర చీకటియగును.

ఇది నిజముగా జరిగినదా, మరణించుచున్నవాని దర్శనమా అన్నది చిత్రము తేల్చదు. వేదాంత దృష్టితో చూస్తే ఇందులో ముఖ్యమైనది ముళ్లయు గిన్నెయు. ముళ్ల కిరీటము, గెత్సేమనేలోని గిన్నె, ఈ రెండును క్రీస్తుకు చెందినవి. వాటిని తన కొరకు తానే తయారుచేసికొన్నప్పుడు టోలరు తన పాపమునకును లోక పాపమునకును తానే ప్రాయశ్చిత్తము కాజూస్తున్నాడు. మొదట ఇతరులను చంపి, అది కుదరక తన్నుతాను హింసించుకొని. రెండును ఒకే తప్పు: కల్వరిలో సమాప్తమైన కార్యము చాలదన్న భావము. ఆ గిన్నె చేతినుండి జారిపోవుట కృపకు సరియైన చిత్రము. టోలరు కృపను సంపాదించలేదు, అడుగలేదు. అది పిలువకుండగనే తలుపు తెరచుకొని వచ్చినది.

అయితే ఆ కృప రూపము మనలను సందేహములో పడవేస్తుంది. కాపరికి, తన ఆదరణ క్రిందనున్న విధవరాలికి మధ్య ముద్దుగా అది వచ్చినది. దైవప్రేమకు మానవ కాంక్షకు నడుమ గీతను దర్శకుడు చెరిపివేశాడు. శరీరము లేని కృప లేదని ఆయన చెప్పదలచియుండవచ్చును, అది నిజమే, వాక్యము శరీరధారియైనది. అయినను కాపరి పరిచర్యలో ఆ గీతకు ఉన్న విలువ తెలిసినవారెవరును ఈ ముగింపును నిశ్చింతగా అంగీకరించలేరు.

మన పరిచర్యకు

మన ప్రాంతములో సేద్యపు అప్పులవలన, పరీక్షల ఒత్తిడివలన, కుటుంబ కలహములవలన ప్రాణము తీసుకొన్నవారి ఇండ్లకు వెళ్లని కాపరి అరుదు. భూస్థాపన చేయవచ్చునా లేదా అన్న వాదము సంఘములో లేస్తుంది గాని, ముందుగా ఎవరు ఎందుకు అడుగలేదు అన్న ప్రశ్న లేవదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఆత్మహత్యా ప్రయత్నము చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి, వారికి సంరక్షణ అందవలెనని చెబుతున్నది. చట్టము చూపిన కనికరమును సంఘము చూపకపోతే అది మనకు సిగ్గు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరును కాపరి తన బైబిలులో వ్రాసి ఉంచుకొనుట అవిశ్వాసము కాదు. ప్రార్థనతోకూడ ఆ ప్రశ్న సూటిగా అడుగుట, ఆ రాత్రి ఆ మనుష్యుని ఒంటరిగా ఉంచకుండుట, వైద్యుని యొద్దకు తోడుగా వెళ్లుట, ఇవన్నియు పరిచర్యలో భాగములే.

రెండవది, కాపరికి కాపరి ఎవరు? పౌలు తనకు బ్రదుకుమీద ఆశ విడిచినంత భారము కలిగినదని 2 కొరింథీ 1:8లో దాచకుండ వ్రాశాడు, వ్రాసినది సంఘమునకు. టోలరు వ్రాసినది చించివేయదలచిన పుస్తకములో. ఆ ఇద్దరి మధ్య భేదమంతయు ఇందులోనే ఉన్నది. అసోసియేషను కూడికలలో మనము హాజరు, చందా, నిర్మాణము లెక్కలు చెప్పుకొంటాము. నిద్ర పట్టుటలేదని చెప్పుకొనుటకు స్థలము లేదు. ఆ స్థలమును కల్పించుట వేదాంత కళాశాలలలోనే ఆరంభము కావలెను.

ఈ చిత్రము యౌవనస్థుల కూడికలో ప్రదర్శింపదగినది కాదు. మృతి దృశ్యమును, చివరి ఘట్టములును నిరాశలో ఉన్నవారికి హాని చేయవచ్చును. అయితే కాపరుల తరగతిలో, అధ్యాపకుని నడిపింపుతో, పరామర్శ దృశ్యమును ఆపి ఆపి చర్చించినచో అది గొప్ప మేలు చేయును. టోలరు ఏమి చెప్పాడో కాదు, ఏమి అడుగలేదో విద్యార్థులచేత వ్రాయించవలెను. ఆ పట్టికను వారు తమతో తమ మొదటి సంఘమునకు తీసికొనిపోవచ్చును.